గేటు దగ్గర వంటమ్మ

పోయిన ఆదివారం పొద్దున మా పాత కండక్టరు ఫోన్ చేశాడు. "అన్నా, గేటుకాడ వంటమ్మ పోయిందంట. నిన్న మద్యాన్నం అన్నం తిని పడుకున్నింది, అట్లనే పోయిందంట," అన్నాడు. చావు కబురు వింటే అయ్యో అనాలి. నా నోట్లోంచి మాత్రం, "లైన్లోనే పోయిందా, మధ్యలో దూరి పోయిందా?" అని వచ్చింది. అవతల వాడు పకపకా నవ్వాడు. ఇవతల నేనూ ఆపుకోలేకపోయాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, చావు కబురుకు నవ్వే మనిషిని నిన్నే చూస్తున్నానంది. ఏం చెప్పను? ఆమెను తలుచుకుంటే నాకు ఏడుపు రాదు. రొమ్ము విరుచుకుని పదిమందికి చెప్పాలనిపిస్తుంది.

నేను డ్రైవర్ని. ఒక ప్రైవేటు బస్సు మీద చిత్తూరు నుంచి పాకాల మీదుగా తిరుపతికి ఏళ్ళ తరబడి తిరిగినవాణ్ణి. ఇది తొంభైల చివర్లో సంగతి. అప్పట్లో ఆ దారిలో ఒక రైలుగేటు ఉండేది. ఇప్పుడు దాని మీద వంతెన పడింది కాబట్టి నేటి కుర్ర డ్రైవర్లకు ఆ గేటు అంటే ఏమిటో తెలియదు. వాళ్ళు అదృష్టవంతులు.

గేటు పడిందనుకోండి. ముందొచ్చినవాడు బుద్ధిగా ఎడమపక్క ఆగుతాడు. రెండోవాడు వాడి వెనక ఆగుతాడు. మూడోవాడికి కుడిపక్క సగం రోడ్డు ఖాళీగా కనబడుతుంది. అది ఎదురుగా వచ్చేవాళ్ళ దారి అన్న జ్ఞానం వాడికి ఉండదు. నేరుగా పోయి గేటుకు ముక్కు ఆనించి నిలబడతాడు. వాడి వెనక నాలుగోవాడు. గేటుకు ఆ పక్క కూడా సరిగ్గా ఇదే తంతు. ఇక గేటు లేచేసరికి రోడ్డు నిండా వాళ్ళు, రోడ్డు నిండా మేము, పందెం పొట్టేళ్ళలా ఎదురూబొదురూ. రైలు పోయేది రెండు నిమిషాల్లో. మేం కదిలేది అరగంటకు. ఈలోగా హారన్లు, బూతులు, బస్సులో చంటిపిల్లల ఏడుపులు. ఇంత నష్టం జరుగుతున్నా రోజూ అదే పని చేసేవాళ్ళం. ఎదుటివాడు దూరతాడేమోనని మేం దూరేవాళ్ళం. దాచుకోవడం ఎందుకు, ఆ దూరేవాళ్ళలో నేనే అందరికంటే ముందు.

ఆమె గేటుకు అటు, తిరుపతి వైపున్న ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. ఇల్లు గేటుకు ఇటు, పాకాల వైపు. తెల్లారకముందే పనిలోకి వెళ్ళి, పిల్లలు బడికి పోయాక పది గంటల ప్రాంతంలో ఇంటికి వచ్చేది. మళ్ళీ నాలుగింటికి రాత్రి వంటకు వెళ్ళేది. ఎర్రరంగు లేడీస్ సైకిలు. మనిషి పొట్టి, గట్టిగా ఉండేది. చీరకుచ్చెళ్ళు పైకి దోపి, కొంగు నడుముకు బిగించి, వీపు నిటారుగా పెట్టి తొక్కేది. పేరు నేను ఏనాడూ అడగలేదు. అందరం వంటమ్మ అనేవాళ్ళం, ఎదురుపడితే అక్కా అనేవాళ్ళం.

సైకిలు తొక్కేవాళ్ళంటే మా డ్రైవర్లకు అప్పట్లో లెక్కే లేదు. హారను కొడితే మట్టిలోకి దిగిపోవాలి, అంతే వాళ్ళ బతుకు. ఆమె దిగేది కాదు. ఎడమ అంచు పట్టుకుని తన దారిన తాను పోయేది. కుడికి తిరగాలంటే మాత్రం చాలా ముందు నుంచే తయారయ్యేది. మొదట మెడ తిప్పి వెనక్కి చూసేది. తర్వాత కుడిచెయ్యి భుజం ఎత్తున చాపేది, అయిదు వేళ్ళూ కలిపి. చాపాక ఇక వెనక్కి చూడదు. లారీ వచ్చినా బస్సు వచ్చినా ఆ చెయ్యి వణకదు. వెనకొచ్చేవాడే బ్రేకు తొక్కాలి. "సూసే పని ముందరే అయిపోయిండాది గదా, ఇంగ మాటిమాటికి ఏంది సూసేది?" అనేది.

గేటు పడితే సైకిళ్ళవాళ్ళంతా బండిని పక్కకు వంచి, తలకాయలు వంచి, కడ్డీ కింద నుంచి దూరి పట్టాలు దాటిపోయేవాళ్ళు. గేటుమాను తిడుతూనే ఉండేవాడు, వీళ్ళు దూరుతూనే ఉండేవాళ్ళు. ఈమె ఒక్కతే ఆగేది. ఒకసారి కాలేజీ పిల్లవాడొకడు ఏంటమ్మా భయమా అని అడిగితే, "రైలు ఆగలేదు నాయనా. ఆగలేని దానికి మనమే ఆగాల," అంది. వాడు ఏమనుకున్నాడో, వంచిన సైకిలును మళ్ళీ నిలబెట్టుకున్నాడు.

ఇక అసలు సంగతి. ఆగి ఊరికే ఉండేది కాదు. గేటుకు కాస్త వెనగ్గా, రోడ్డు నడిమి తెల్లగీత దగ్గర నుంచి కుడిపక్కకు, తన సైకిలును అడ్డంగా స్టాండు వేసేది. పక్కన తను నిలబడేది. సంచిలోంచి ఏదో ఒక పని తీసేది. చలికాలమైతే అనపకాయలు ఒలిచేది. ఎండాకాలమైతే చింతపండులో గింజలు తీసేది. తొక్కలూ గింజలూ రోడ్డు మీద పడేసేది కాదు, వాటికి వేరే సంచి. ఎవడన్నా బండిని కుడిపక్కకు తిప్పితే తల కూడా ఎత్తకుండా, "లైన్లో నిలబడు," అనేది. తమిళనాడు లారీ అయితే "లైన్ల నిల్లుప్పా" అని వాళ్ళ భాషలోనే చెప్పేది. గేటు లేచాక సైకిలు పక్కకు తీసి, ఎదురువాళ్ళందరికీ దారి ఇచ్చి, తన పక్క వాళ్ళనూ పంపించి, ఆఖరికి తను పోయేది.

ఆమెకూ నాకూ మొదట తగువు పడింది ఒక సాయంత్రం. నేను తిరుపతికి పోతున్నాను. గేటు పడి ఉంది. అలవాటు ప్రకారం కుడిపక్కకు కోసి పోనిచ్చాను. ఎదురుగా ఎర్ర సైకిలు. హారను కొట్టాను. కదల్లేదు. ఇంకాస్త ముందుకు తోశాను. బంపరు వెళ్ళి సైకిలు క్యారియరుకు ఆనింది. అప్పుడు తల ఎత్తింది.

"తగిలింది సూడు," అంది, బస్సుకు దెబ్బ తగిలినంత జాలిగా.

"తియ్యక్కా సైకిలు. నువ్వే తప్పు పక్క నిలబడి మాకు చెప్తా ఉండావే!" అన్నాను.

"నేను దోవకు అడ్డం లేనప్పా. అడ్డమొచ్చే వాళ్ళకు అడ్డంగా ఉండాను. గేటు లేస్తానే తీసేస్తా. నువ్వు తీయగలవా, ఇంత బస్సును?"

బస్సులో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు కాలింది. ఒక మాట ఎక్కువే అన్నాను. ఆమె ఏమీ అనుకోలేదు. అనపకాయ ఒకటి చిదిమి, "మా హాస్టల్లో తొంభై మంది పిలకాయలు గిన్నెలు పట్టుకోని వస్తారు. ఒక్కరు తోసుకోని ముందరికొచ్చినా గంటె కింద పెట్టేస్తా. ఎవురికీ అన్నం లేదు. ఇప్పుడు ఎవురూ తోయరు. అంతంత పిలకాయలకుండే బుద్ధి మీకు లేదాప్పా?" అంది. నేను బస్సును వెనక్కి తీసి లైన్లో పెట్టాల్సి వచ్చింది. ఆ అవమానాన్ని తిరుపతి దాకా హారను మీద తీర్చుకున్నాను.

అక్కడ ఒక చిక్కు ఉంది. ఆమె పక్క సగం రోడ్డు ఖాళీగా ఉంచితే ఎదురువాళ్ళు దర్జాగా వచ్చేసేవాళ్ళు. కానీ ఎదురుపక్క వాళ్ళు రోడ్డంతా నిండి ఉండేవాళ్ళు కదా, వాళ్ళంతా ఖాళీ అయ్యేదాకా మేం నిలబడే ఉండాలి. అంటే లైన్లో నిలబడ్డవాడికే ఆలస్యం. దూరినవాడికి లాభం. దీంతో ఆమె పక్క ఇరుక్కున్న డ్రైవర్లంతా ఆమెను తిట్టుకునేవాళ్ళు. అందరికంటే ఎక్కువ తిట్టుకున్నది నేను, ఎందుకంటే ఆ నెలలో నా మెడ మీద కత్తి ఉంది.

మా ఓనరు మంచివాడే గానీ టైము విషయంలో రాక్షసుడు. తిరుపతి బస్టాండులో మా టైముకు మేం చేరకపోతే వెనక బస్సువాడు మా జనాన్ని ఎక్కించుకుని పోతాడు. అప్పటికే మూడుసార్లు టైము తప్పాను, మూడుసార్లూ గేటు వల్లే. ఓనరు నన్ను ఆఫీసుకు పిలిచి, "గేటు కతలు నాకు చెప్పద్దు. ఇంగొక్కసారి లేటుగా పోయినావంటే తాళంచెవి ఈ టేబులు మీద పెట్టి ఇంటికి పో," అన్నాడు. ఆ వయసులో కొత్తగా నన్ను ఎవడు స్టీరింగు ముందు కూర్చోబెడతాడు? ఇంట్లో పిల్లల చదువులు. ఈ భయంతో గేటు దగ్గరికి వస్తే ఎర్ర సైకిలు.

ఒక సాయంత్రం ఇక ఉండబట్టలేక బస్సు దిగి ఆమె దగ్గరికి పోయాను. కోపంగా కాదు, బతిమాలుకోవడానికే. "అక్కా, నా ఉద్యోగం పోయేట్టుండాది. నువ్వు ఈ పక్క లైను పెడితే ఏం లాభం? ఆ పక్కోళ్ళు దోవ ఇస్తారా మనకు? మనం మంచోళ్ళుగా నిలబడితే వాళ్ళు నెత్తికెక్కుతా ఉండారు. ముందర వాళ్ళకు చెప్పు బుద్ధి," అన్నాను.

ఆమె చింతపండు సంచిలో వేసి, చేతులు తుడుచుకుని, మొదటిసారి నా మొహంలోకి నిదానంగా చూసింది.

"పొద్దున పది గంటలకు నేను యాడ నిలబడతా?"

"ఆ పక్క. హాస్టలు పక్క."

"అప్పుడు నువ్వు యాడ ఉంటావు?"

నేను తల గోక్కున్నాను.

"ఈ పక్క ఉంటావు. రోడ్డు నిండా బస్సు పెట్టుకోని ఉంటావు. రోజూ నిన్ను సూస్తానే ఉండా. నా పక్క లైన్లో ఉండేవాళ్ళంతా నీ మాదిరే అడగతారప్పా, ఆ పక్కోళ్ళకు చెప్పు బుద్ధి అని. ఆ పక్కోడివి నువ్వే గదా?"

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. ఎదురుపక్క వాళ్ళంటే ఎవరో పనికిమాలినవాళ్ళు అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. పొద్దున వాళ్ళకు నేనే ఎదురుపక్క. ఇంత చిన్న లెక్క ఇన్నేళ్ళు స్టీరింగు పట్టినా నాకు తోచలేదు.

"నేను ఒక పక్కే ఉండగలను. ఇంగో పక్క నువ్వు సూసుకో," అని ఆమె సైకిలు స్టాండు తీసింది. గేటు లేస్తోంది.

మర్నాడు పొద్దున గేటు పడింది. నా ముందు నాలుగు బండ్లు ఉన్నాయి. కుడిపక్క అంతా ఖాళీ. చేతులు వాటంతట అవే స్టీరింగును కుడికి తిప్పబోయాయి. ఆపుకున్నాను. ఎడమ లైన్లో నాలుగో బండి వెనక బస్సు పెట్టి ఇంజను ఆపేశాను. కండక్టరు పరుగున వచ్చాడు. "ఏమన్నా, బండి చెడిపోయిందా?" అన్నాడు పాపం. చెడిపోలేదని చెప్పి, వాణ్ణి ఈల తీసుకుని దిగి కుడిపక్క రోడ్డు మధ్యన నిలబడమన్నాను. ఒక్కణ్ణీ రానివ్వద్దన్నాను. వాడు నా వైపు పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు, అయినా వెళ్ళాడు. ఖాకీ చొక్కా, నోట్లో ఈల చూసి టెంపోవాడొకడు ఆగాడు. వాడి వెనక మామిడికాయల లారీ ఆగింది. ఏదో కారణం ఉంటుందనుకుని ఒకరి వెనక ఒకరు ఎడమపక్కకే చేరారు. పట్టాలకు ఆ పక్క ఎర్ర సైకిలు కనబడుతోంది. ఆమె కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఇటే చూస్తోంది.

సరిగ్గా అప్పుడు తెల్ల అంబాసిడర్ ఒకటి కుడిపక్కన హారను కొడుతూ వచ్చింది. కండక్టరు ఈల నోట్లో పెట్టుకున్నాడు, ఊదలేదు. కారు మా ఓనరుది. ఆయనే తోలుకుంటూ వస్తున్నాడు. బస్సు దిగాను.

"బస్సు ఆడ యాల పెట్టినావురా? ముందర అంత ఖాళీ ఉండాది గదా! మొన్న ఏం చెప్పినాను నీకు?" అన్నాడు అద్దం దించి.

"లైన్లో పెట్టినాను సార్. అది ఎదురొచ్చే వాళ్ళ దోవ."

"అయితే నన్నూ లైన్లోకి పొమ్మంటావా?"

అవునని నా నోరు ఎలా అన్నదో నాకిప్పటికీ ఆశ్చర్యమే. "అవును సార్. వాళ్ళు ఇట్ల వస్తేనే మనం అట్ల పోయేది. మీరు ఈడ నిలబడితే మన బస్సే లేటవుతుంది," అన్నాను. బస్సు కిటికీల్లోంచి తలలన్నీ బయటికి వచ్చాయి. ఓనరు మొహం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. అంతలో పట్టాలకు ఆ పక్క నుంచి, తొంభై మంది పిల్లల్ని నిలబెట్టే గొంతు గట్టిగా వినబడింది.

"ఏయ్, తెల్ల కారూ! లైన్లో నిలబడు!"

బస్సులో జనం గొల్లుమన్నారు. ముందు సీట్లోని పెద్దాయన, "పోనీలేప్పా, ఎనక్కి పో, ఆయమ్మ ఇడిసేదిగాదు," అని ఓనరుకే నచ్చజెప్పాడు. ఓనరు అందరినీ ఒకసారి చూసి, "తిరుపతిలో చెప్తా నీ సంగతి," అని కారు వెనక్కి తీశాడు. అలా తీసుకుంటూ పోయి లైనులో ఆఖరున, మామిడికాయల లారీ వెనక పెట్టాడు.

రైలు పోయింది. గేటుమాను చక్రం తిప్పాడు. కడ్డీలు లేచాయి. ఆ పక్క వాళ్ళు మా కుడిపక్క నుంచి జర్రున వచ్చేశారు, మేం వాళ్ళ కుడిపక్క నుంచి జర్రున పోయాం. అంతే. హారను లేదు, బూతు లేదు, వెనక్కి తీయడం లేదు. గేటుమాను గూట్లోంచి బయటికి పరుగెత్తుకొచ్చాడు. చప్పుడు లేకపోయేసరికి ఏం ప్రమాదం జరిగిందోనని భయపడ్డాడట. ఖాళీ రోడ్డు చూసి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఆమె సైకిలు పట్టుకుని పక్కన నిలబడి ఉంది. నేను బస్సు నిదానం చేసి, కిటికీలోంచి చేయి బయటపెట్టి, చూశావా అక్కా అన్నట్టు ఆడించాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

"రేపు?" అంది.

"రేపూ ఇట్లే అక్కా!" అని అరిచాను. ఇన్నేళ్ళ డ్రైవరు బతుకులో అంత సంతోషంగా ఏనాడూ గేరు మార్చలేదు.

తిరుపతి బస్టాండుకు టైముకంటే ముందే చేరాను. వెనక బస్సు జాడే లేదు. తాళంచెవి చేత్తో పట్టుకుని ఓనరు కోసం ఎదురుచూశాను. కారు ఎప్పటికో వచ్చిందనుకునేరు, లైనుతో పాటే కదిలి నా వెనకే వచ్చింది. ఆయన దిగి, బస్టాండు గడియారం చూశాడు, తన చేతి గడియారం చూశాడు. మా బస్సు వైపు చూశాడు. నేను తాళంచెవి చాపాను.

"నాకిచ్చి ఏం చేస్తావు? సాయంత్రం బండి మీ తాత తోలతాడా?" అన్నాడు.

రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చి, "ఎవుర్రా ఆమె?" అని అడిగాడు. హాస్టల్లో వంటమనిషి అని చెప్పాను. నమ్మలేనట్టు తల ఆడించి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పొద్దున నేను ఒక పక్క, ఆమె ఒక పక్క. నేను లేని వేళల్లో మా కండక్టరు చెప్పిన మాట విని తక్కిన బస్సులవాళ్ళు మొదలుపెట్టారు, వాళ్ళను చూసి లారీలవాళ్ళు. అయిష్టంగా వచ్చినవాళ్ళూ ఉన్నారు, ఆమె చేత తిట్లు తిని వచ్చినవాళ్ళూ ఉన్నారు. కొన్నాళ్ళకు గేటు పడితే ఎవరూ చెప్పకుండానే కుడిపక్క ఖాళీగా ఉండడం మొదలైంది. అయినా ఆమె మాత్రం సైకిలు అడ్డం పెట్టడం మానలేదు. అలవాటైన పిల్లలే అయినా ఆమె గంటె చేతిలో పట్టుకునే ఉంటుంది కదా.

ఓనరు కారును వెనక్కి పంపిన వారం తిరక్కముందే ఒక సాయంత్రం గేటు దగ్గరికి వచ్చేసరికి లైన్లో నా ముందు తెల్ల అంబాసిడర్ ఉంది. ఓనరు ఇంటిల్లిపాదితో తిరుమలకు బయల్దేరినట్టున్నాడు, వెనక సీటు నిండా పూలూ పిల్లలూ. ఆమెకు ఆయనెవరో తెలియదు. సైకిలు స్టాండు వేసి, లైను పొడుగునా నడుచుకుంటూ చూసుకుంటూ వచ్చి, కారు దగ్గర ఆగింది. కారు కుడి చక్రం తెల్లగీత మీద ఉంది. ఆమె వేలితో అద్దం మీద టకటకా కొట్టింది. ఓనరు అద్దం దించాడు.

"చక్రం గీత దాటిండాది నాయనా. కొంచెం లోపలికి పెట్టుకో."

నేను వెనక బస్సులోంచి చూస్తున్నాను. నలభై మందికి జీతాలిచ్చే మా ఓనరు ఆమెను చూశాడు, చక్రాన్ని చూశాడు, "సరేమ్మా," అన్నాడు. ఇంజను స్టార్టు చేసి, స్టీరింగు ఎడమకు తిప్పి, జానెడు లోపలికి జరిగాడు.